నలభై లెక్కపెట్టేదాకా

1వ రోజు

పలకలో రాసింది: బాగుంది.

ఇది ఇంటి పుస్తకం. నీళ్ల మీద మా తెప్పల ఇళ్లను పట్టి ఉంచే తాళ్ల పని చేసేవాళ్లందరికీ రెండు పుస్తకాలుంటాయి. ఆఫీసు పుస్తకంలో ఏ తెప్ప తాడు గురించైనా "బాగుంది" అనే రాస్తాం. బాగోలేదని రాశామో, ఆ తెప్పను ఇల్లూ మనుషులతో సహా విప్పి తీసుకెళ్లి, అలలు నేరుగా కొట్టే బయటి వరసలో కడతారు. బాగుచేయడం మాత్రం ఎవరూ చేయరు. అందుకని అక్కడ "బాగుంది" అని రాసి, ఎన్ని పేటలు తెగాయో ఇంటి పుస్తకంలో రాసుకుని, మనమే వెళ్లి అతుకు వేసుకుంటాం. మా అమ్మ అలాగే చేసింది, నేనూ అంతే.

ఇవాళ బడివాళ్లు నా చేతికి ఒక పలక ఇచ్చారు. ముప్పై రోజులు రోజూ రాయాలట. పిల్ల ఏం చేయగలిగింది, ఏం చేయలేకపోయింది, ఎవరు సాయం చేశారు. ఆ పిల్ల నా కూతురు పైడి, తొమ్మిదేళ్లు. ఏది అడిగినా జవాబు చెబుతుంది, కానీ నలభై లెక్కపెట్టాక చెబుతుంది. అన్నం తింటావా అన్నా అంతే, ఏడెనిమిదులు ఎంత అన్నా అంతే. ఒడ్డు మీది డాక్టరు దీనికి పొడుగాటి పేరొకటి చెప్పాడు. మేం మటుకు "నలభై" అంటాం.

బళ్లో పంతులు నాలుగు లెక్కపెట్టేదాకా ఆగుతాడు. పంతులంటే మనిషి కాదు, గోడకు బిగించిన తెర. నీళ్ల మీద కాపురం ఉండి చదువు చెప్పడానికి ఏ మనిషీ రాకపోతే పన్నెండేళ్ల కిందట తెచ్చి పెట్టారు. అడుగుతాడు, నాలుగు సెకన్లు చూస్తాడు, తర్వాతి ప్రశ్నకు పోతాడు. నేను అడిగింది ఒక్కటే: మా పిల్లకు నలభై ఇవ్వండి, లేదంటే పక్కన కూర్చుని ఆగే మనిషిని ఒకరిని ఇవ్వండి. దానికి ఈ పలక కావాలట. సరే, రాస్తాను. రాయడం నాకేం కొత్త కాదు.

2వ రోజు

పలకలో: బాగుంది.

పొద్దున్నే పలకల మీది ఉప్పు గీకాను. ఈ పలకలు వేరు, కప్పు మీద ఎండకు కరెంటు పుట్టించేవి. ఒక్కరోజు వదిలేస్తే మధ్యాహ్నానికి పొయ్యి వెలగదు. మంచినీళ్ల వంతు పట్టుకుని వచ్చేసరికి పోటు గంట కొట్టారు.

మా ఏడో వరసలో పద్నాలుగు తెప్పలు. మాది పదకొండోది, చివరిది బడి. పోటుకి తాళ్లు వదలాలి, ఆటుకి బిగించాలి. ఒకదాని తర్వాత ఒకటి, వరసలోనే జరగాలి. మొదటి తెప్ప మీద నిలబడి ఎర్నమ్మప్ప పిలుస్తుంది. "ఒకటీ!" "ఉన్నాం!" వాళ్లు తాడు వదులుతారు. "రెండూ!" "ఉన్నాం!" జవాబు రాకుండా తర్వాతి అంకె పిలవదు. పిల్లకు పాలిస్తున్నా, వంటింట్లో నూనె కాగుతున్నా, ఆ ఇంటివాళ్లు పలికేదాకా వరసంతా ఆగాల్సిందే.

ఒకప్పుడు ఈ పని మోటార్లు చేసేవి. పక్క తెప్ప నుంచి కబురు కోసం మూడు సెకన్లు ఆగి, రాకపోతే తమ పని తాము చేసుకుపోయేవి. పదిహేనేళ్ల కిందటి తుఫానులో కబుర్లు ఆలస్యమయ్యాయి, మోటార్లు ఆగలేదు. వరస మెలిపడి మధ్యకు తెగింది. పదకొండు ఇళ్లు పోయాయి, మా అన్నయ్య ఇల్లు కూడా. తెల్లారి జనం మోటార్లన్నీ ఊడబెరికి నీళ్లలో పారేశారు. మూడేళ్లు తిరక్కుండానే అదే జనం బళ్లో పంతుల్ని తెచ్చి బిగించుకున్నారు. ఆ బిగించిన వాళ్లలో నేనూ ఉన్నాను, నిచ్చెన పట్టుకున్నది నేనే.

మా ఇంటి జవాబు ఎప్పుడూ నేనే చెబుతాను. పైడి నా పక్కన నిలబడి పెదాలు కదుపుతుంది. దాని మాట బయటికొచ్చేసరికి పిలుపు బడి కూడా దాటిపోతుంది.

6వ రోజు

పలకలో: బాగుంది.

పైడి చొక్కా చేతి అంచు నమిలేసి వచ్చింది. బళ్లో ఏమైందని అడిగి, వాకిట్లో కూర్చుని తాడు పురి విప్పుతూ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిదికి చెప్పింది.

"నన్ను రేపు అంటున్నారు."

ఇవాళ అడిగితే రేపు చెబుతుందని పిల్లలు దానికి "రేపు" అని పేరు పెట్టారట. పిల్లలను ఏమని తిట్టను? పంతులు దగ్గర నేర్చుకున్నదే వాళ్లకీ వచ్చింది.

ఎర్నమ్మప్ప ఎండు చేపలు తీసుకుని వచ్చింది. నా మొహం చూసి అక్కడే చతికిలబడింది.

"ఏటే వరాలూ, మొకం అలాగెట్టుకున్నావు?"

చెప్పాను. ఆవిడ పైడి జుట్టు నిమిరి, "గుంటకి నోరు నేదేటి? ఉన్నాది. ఆగితే పలుకుతాది. ఆ పెట్టెకి ఆగడం రాదు, గుంటకేటి తక్కువ?" అంది.

ఇది పలకలో రాయాల్సిన మాట. రాయలేదు. తెగిన పేటను ఆఫీసుకి చూపించే అలవాటు మా వేళ్లకు లేదు.

10వ రోజు

పలకలో: బాగుంది.

బడి తెప్పకు రమ్మని కబురు వచ్చింది. అక్కడున్న ఒకే ఒక మనిషి త్రినాథరావు గారు, సమన్వయకర్త అంటారు. తాళాలు తీయడం, తెర తుడవడం, కాగితాలు ఒడ్డుకు పంపడం ఆయన పని. మెత్తని మనిషి. మెత్తని మనుషుల చేతే గట్టి మాటలు చెప్పిస్తారు.

"అమ్మా, సాయం మనిషిని ఇవ్వడం కుదరదన్నారండి."

"ఎందుకని?"

"ఇంటి దగ్గర అంతా బాగానే ఉంది కదండీ. పది రోజులూ మీరే రాశారు." పలక నా వైపు తిప్పాడు. బాగుంది, బాగుంది, బాగుంది. పది వరసలు నా చేతిరాతే. "ఇంట్లో బాగుండి బళ్లో బాగోలేదంటే, పిల్లకి ఈ బడి సరిపడలేదని వాళ్లు అనుకుంటున్నారు."

నా తల నేనే కొట్టుకోవాలనిపించింది. కూతురిని తాడు అనుకుని రాశాను. చూస్తూ చూస్తూ నా బిడ్డను నేనే బయటి వరసకు తోసుకున్నాను.

"బళ్లో బాగోలేదని ఎవరన్నారు?" అన్నాను.

"లెక్కలండీ. నిరుటి పరీక్షలో రెండు వందల పన్నెండు ప్రశ్నలు. పైడి చెప్పినవి ఇరవై ఒకటి. ఒప్పు ఒక్కటీ లేదు."

"ఒక్కటీనా?"

"సున్నా అండి."

ఆ ప్రశ్నలూ జవాబులూ కాగితం మీద కావాలన్నాను. ఇవ్వకూడదట. నేను కుర్చీలోంచి లేవలేదు. ఆయన చివరికి రెండు పొడుగాటి చీటీలు తీసి ఇచ్చాడు.

13వ రోజు

పలకలో ఇవాళ నిజం రాశాను. చొక్కా నమిలిన సంగతి, "రేపు" అనే పేరు, రాత్రిళ్లు పళ్లు కొరకడం, నేను పక్కన ఉండి నలభై దాకా ఆగితే మూడంకెల గుణకారాలు చేయడం.

ఆ చీటీలు నేల మీద పరిచాను. ఒకదాని మీద ప్రశ్నలు, ఒకదాని మీద పైడి జవాబులు. పక్కపక్కన పెడితే పిచ్చి రాతలా ఉంది. "మనకు ఏ దిక్కున కొండలున్నాయి?" అంటే "యాభై ఆరు" అంది. "పన్నెండులో సగం ఎంత?" అంటే "గబ్బిలం" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు తాళ్లు గుర్తొచ్చాయి. నానిన తాడునీ ఎండిన తాడునీ చివరా చివరా పెట్టి కొలవకూడదు, ఒకటి సాగి ఉంటుంది. ఒకదాన్ని జరుపుతూ పోవాలి, ముడికి ముడి ఎదురయ్యేదాకా. జవాబుల చీటీని పైకి జరిపాను. ఐదు గడులు, ఎనిమిది, పది.

కొండల ప్రశ్నకు పది గడుల పైన ఏముంది? "ఏడెనిమిదులు ఎంత?" యాభై ఆరు. పన్నెండులో సగానికి పది గడుల పైన? "పిల్లలకు పాలిచ్చే ఎగిరే జంతువు ఏది?" గబ్బిలం.

పైడి ఒక ప్రశ్న పట్టుకుంటుంది. నలభై సెకన్లు ఆలోచిస్తుంది. ఈలోగా పంతులు పది ప్రశ్నలు దాటిపోతాడు. అది చెప్పిన ఒప్పు జవాబును పదకొండో ప్రశ్నకు తప్పుగా రాసుకుంటాడు. ఒక్కోచోట తొమ్మిది గడులు, ఒక్కోచోట పదకొండు, అంతే తేడా. ఇరవై ఒకటిలో పంతొమ్మిది ఒప్పు. మిగతా రెండు నాకూ తెలియవు.

ఏడాదంతా నా కూతురు ఒప్పులు చెప్పింది. ఏడాదంతా తప్పులని వింది.

14వ రోజు

త్రినాథరావు గారి బల్ల మీద చీటీలు పరిచి, నేనే జరిపి చూపించాను. ఆయన మూడుసార్లు తనంతట తాను జరిపి చూసుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిజమేనమ్మా."

"మరి సరిచేయండి."

"ఆగే సమయం మార్చే అధికారం నాకు లేదమ్మా. ఆ మీట ఒడ్డు మీద ఉంది."

"నాలుగుని నలభై చేసే మీట ఒకటుందన్నమాట."

"ఉంది." ఆ మాట ఆయన నోటినుంచి రావడానికి నాలుగు సెకన్ల కంటే ఎక్కువే పట్టింది. నేను ఆగాను.

17వ రోజు

పలకలో ఏం రాసినా ఇక ఒకటే. దాని మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: "మొదటి పన్నెండు రోజుల వివరాలకూ తర్వాతి వివరాలకూ పొంతన లేదు. తల్లి నమోదు పరిగణనలోకి తీసుకోబడదు." ఇరవై నాలుగో రోజున ఒడ్డు మీది బడి సంఘం ముందు హాజరు కావాలట.

పైడి నాన్న గాలిమరల మీద డ్యూటీలో ఉన్నాడు, పదిహేను రోజులకోసారి గానీ రాడు. ఫోన్లో, "గట్టిగా అడుగు, కానీ కోపంగా మాట్లాడకు" అన్నాడు. ఆ రెండూ ఎలా వేరు చేస్తారో వచ్చాక నేర్పించమన్నాను.

24వ రోజు

సంఘం అంటే తెర మీద ముగ్గురు. మధ్యలో పెద్దావిడ, కుడి పక్కన కాగితాలాయన, ఎడమ పక్కన తల ఎత్తని ఆయన. ముగ్గురి ముందూ టీ కప్పులు. ఇటు వైపు నేనూ పైడీ త్రినాథరావు గారూ.

"మీరు పిల్లను చాలా ఓపికగా చూసుకుంటున్నారు. అభినందనలు" అంది పెద్దావిడ.

"అభినందనలొద్దండి. ముప్పై ఆరు సెకన్లు ఇవ్వండి, చాలు."

చీటీలు తెరకు చూపించి జరిపాను. కాగితాలాయన మెడ సాచి చూశాడు. "ఇది ఇంట్లో తయారుచేసిన పద్ధతి. మా కొలమానంలో ఇలాంటిది లేదు" అన్నాడు.

ఈ ఇంటి పుస్తకం తీసి, తాళ్ల సంగతులు దాటేసి, పైడి గురించి రాసినవి మొదటి రోజు నుంచీ చదివాను. నిజం ఇదండీ, పలకలో రాసింది మా అలవాటు కొద్దీ రాసింది అన్నాను.

"అంటే పన్నెండు రోజులు మాకు అబద్ధం రాశారు" అన్నాడాయన, నేనేదో బహుమతి చేతికిచ్చినట్టు.

మీ ఆఫీసులో ఉన్న ప్రతి తాళ్ల పుస్తకమూ అలాంటిదే బాబూ అనబోయాను. పద్నాలుగు తెప్పలూ గుర్తొచ్చి ఆ మాట మింగాను. బదులుగా తుఫాను సంగతి చెప్పాను. ఆగని మోటార్లను ఎందుకు తీసేశామో, నోటితో ఎందుకు పిలుస్తున్నామో చెప్పాను.

"తాళ్ల మీద తీసేసినదాన్ని పిల్లల మీద ఎలా పెట్టామండీ? తాడు కోసం ఆగేవాళ్లం పిల్ల కోసం ఆగలేమా?"

"తాళ్లు వేరు, చదువు వేరమ్మా" అంది పెద్దావిడ. నిజానికి చాలా మృదువుగా అంది. అందుకే ఇంకా మండింది.

పిల్ల అభిప్రాయం తీసుకోవాలని నియమం ఉందట. తెర మీద ముగ్గురి బొమ్మలూ పక్కకు జరిగాయి, పంతులు గొంతు వచ్చింది.

"పైడితల్లీ, నువ్వు ఈ బడిలోనే ఉండాలనుకుంటున్నావా?"

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"సమాధానం లేదు."

"ఆగండి, చెబుతుంది. లెక్కపెట్టండి, చెబుతుంది!"

"పిల్లను ఒత్తిడి చేయకండమ్మా" అంది పెద్దావిడ.

తీర్మానం చదివారు. కొండ మీది ప్రత్యేక కేంద్రం. ముప్పయ్యో రోజు పడవ. మూడు నెలలకోసారి ఇంటికి పంపుతారు. అక్కడ ఇలాంటి పిల్లల కోసం అన్ని సౌకర్యాలూ ఉన్నాయట. తెర ఆరిపోయింది.

పైడి ఆరిపోయిన తెరనే చూస్తోంది.

"ఉంటాను" అంది. "కిటికీ దగ్గిర కూర్చోబెడితే."

త్రినాథరావు గారు తల దించుకున్నాడు. "నేను విన్నానమ్మా."

"విన్నది రాయండి."

"నమోదు మూసేశారు."

నేను అరిచాను. ఏమని అరిచానో రాయను, ఇంటి పుస్తకం పిల్ల కూడా చదువుతుంది.

29వ రోజు

పలకలో: బాగుంది.

మూట కట్టాను. రెండు గౌన్లు, దువ్వెన, తను ముడులు వేసుకునే తాడు ముక్క. పడవ నియమాలున్న కాగితం మూడుసార్లు చదివాను. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఒంటరిగా ఎక్కాలంటే గేటు దగ్గర తమ పేరు తామే, తమ గొంతుతో చెప్పాలి. పెద్దవాళ్ల గొంతు చెల్లదు. పిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోకుండా పెట్టారట. గేటు ఎంతసేపు ఆగుతుందో కూడా రాసి ఉంది.

ఎర్నమ్మప్ప గుమ్మంలో నిలబడి, "నానుండగా గుంటని ఎవులట్టుకెళ్తారో సూస్తాను" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎవులూ అట్టుకెళ్లరు, ఊరుకో అప్పా" అన్నాను. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ గేటు సంగతి ఆఫీసుకీ చెప్పలేదు, త్రినాథరావు గారికీ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు.

30వ రోజు

పొద్దున పడవ రేవు. మా ముందు నలుగురు ఎక్కారు. పైడి మూట చంకలో పెట్టుకుని గేటు ముందు నిలబడింది.

"పేరు చెప్పండి" అంది గేటు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ప్రయాణికురాలు రాలేదు."

రాలేదట. దాని ముక్కు గేటుకు జానెడు దూరంలో ఉంది. గేటు మళ్లీ అడిగింది, మళ్లీ రాలేదంది. మూడోసారీ అంతే. ఇలాంటి పిల్లల కోసమే వేసిన పడవ, ఇలాంటి పిల్లల్ని ఎక్కించుకోవడం తెలియని గేటు. నాకు వచ్చిన నవ్వు మంచి నవ్వు కాదు.

త్రినాథరావు గారి చేతిలో ఆఫీసు పలక ఉంది. గేటు మొరాయిస్తే చేత్తో నమోదు చేయడానికి అందులో ఒక మీట ఉంటుంది. ఆయన బొటనవేలు దాని మీద పెట్టి నా వైపు చూశాడు.

"నొక్కమంటారా అమ్మా?"

నేను నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు కూడా అయింది.

ఆయన వేలు తీసేశాడు. పలక మీద ఏదో రాశాడు. పక్కనుంచి చూశాను: "తల్లి నుంచి సమాధానం లేదు." పలక సంచిలో పెట్టుకున్నాడు. పడవ కూత వేసి కదిలింది.

అది మలుపు దగ్గరికి చేరాక పైడి, మూసి ఉన్న గేటుతో, స్పష్టంగా, "పైడితల్లి" అంది.

"బాగా చెప్పావే" అన్నాను. ఈసారి ఆ మాట నిజంగానే అన్నాను.

ముప్పయ్యో రోజే, సాయంత్రం

త్రినాథరావు గారు వచ్చి చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నం బడి జాబితాలోంచి పైడి పేరు కొట్టేశారు. కేంద్రం జాబితాలో "రాలేదు" అని ఉంది. రెండు నెలల తర్వాత ఇంకో పడవ ఉంది, ఇంకో నోటీసు వస్తుంది. అప్పటిదాకా నా కూతురు ఈ నీళ్ల మీద ఏ పుస్తకంలోనూ లేదు, ఈ ఒక్కదానిలో తప్ప. ఇది గెలుపని నన్ను నేను మభ్యపెట్టుకోను. ఏడెనిమిదులు యాభై ఆరని తెలిసిన పిల్లకు రేపటి నుంచి బడి లేదు. నిచ్చెన పట్టుకున్న నాకు అది తగినదే, దానికి కాదు.

మధ్యాహ్నం మొదటి తెప్పకు వెళ్లి, ఇవాళ్టి నుంచి మా ఇంటి జవాబు పైడి చెబుతుందని ఎర్నమ్మప్పకు చెప్పాను.

"సెప్పనీ. ఆగడం మనకి కొత్తేటి?" అంది ఆవిడ, చేపలు తిరగేస్తూ.

పోటు గంట కొట్టారు. ఒకటి, రెండు, మూడు... పది కూడా పలికింది.

"పదకొండూ!"

తాడు మీద చెయ్యి వేసి, నోరు మూసుకుని నిలబడ్డాను. పైడి పెదాలు కదులుతున్నాయి. నీళ్లు పెరుగుతున్నాయి, వదలని తాళ్లు కిర్రుమంటున్నాయి. ఇరవై దగ్గర పన్నెండో తెప్ప నుంచి ఎవరో "ఏటయ్యింది?" అని కేకేశారు.

"నోరు ముయ్యండి. పలుకుతాది" అని మొదటి తెప్ప నుంచి వినిపించింది.

అందరూ ఆగారు. చివరన బడి తెప్ప మీద త్రినాథరావు గారు తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక కిటికీలో తెర వెలుగుతోంది. బడి తాడు బిగుసుకుని, తెప్ప ముందు అంచు నీళ్లకు తగులుతోంది. వదలడానికి వీల్లేదు. మా ఇల్లు ఇంకా పలకలేదు.

ముప్పై. ముప్పై ఐదు. నలభై.

నలభై రెండుకి పైడి "ఉన్నాం" అంది.

మా తాడు వదిలాం. తర్వాత పన్నెండు, తర్వాత పదమూడు. ఆ తర్వాతే బడి.